‘అవగాహన లోపం’ అన్న మాట నాది

కె. కోటపాడు నుంచి వచ్చిన ఆ అమ్మాయి ఓపిక లేక పీహెచ్‌డీ మానేసిందని మా డిపార్టుమెంటులో ఇప్పటికీ అంటారు. టీ తాగుతూ నేనూ వింటూ కూర్చున్నాను, చాలాసార్లు. ఆమె గైడుని నేనే. మానేయడానికి కారణమూ నేనే.

వాళ్లది చెరకు పండించి బెల్లం వండే కుటుంబం. అనకాపల్లి మార్కెట్టుకి వెళ్లే బెల్లం పచ్చగా మెరవాలని పాకంలో హైడ్రోస్ అనే మందు కలుపుతారు. ఇంట్లో తినడానికి మాత్రం మందు వేయకుండా ఒక పెనం వేరుగా వండుకుంటారు.

"మందు వేయని నల్ల బెల్లానికి ధర కట్టరు సార్. తాము తినని బెల్లం మావాళ్ల చేత ఎవరు వండిస్తున్నారు? అదే నా ప్రశ్న" అంది.

మా కాలేజీ కమిటీలో బెల్లం వ్యాపారులున్నారు. ఆ సంగతి ఎత్తకుండా, "స్కోపు తగ్గించాలమ్మా" అన్నాను. ఆమె రాసుకొచ్చింది కొట్టేసి, ‘బెల్లం తయారీలో రసాయనాలు: రైతుల అవగాహన లోపం’ అని పెట్టాను. అలాంటివి ఇట్టే పాసవుతాయి. జవాబు ముందే రాసేసి, దానికి సరిపడా ప్రశ్నలు తయారుచేయించాను.

మొదట వాళ్ల ఇంటికే వెళ్లాం. పొయ్యి దగ్గర వాళ్ల నాన్న, ఆయన బావమరిది పాకం కలుపుతున్నారు. ఈ మందు ఒంటికి మంచిది కాదని తెలుసా అని ఆమె అడిగింది.

వాళ్ల నాన్న నవ్వేడు. "ఏటే, పొద్దున్న నువ్వు తిన్న బెల్లం ఏ పెనంలోది?"

ఆమె నా వైపు చూసింది. "తెలుసంటే మన థీసిస్ నిలబడదు" అన్నాను.

ఆయన గరిట ఆపేడు. "అలాగేటి మేస్టారూ? అయితే తెల్దని రాసీ అమ్మా."

"రాసీ, రాసీ. మా బావకి ఎప్పుడేటి తెలిసిందని!" అన్నాడు బావమరిది. అందరూ నవ్వేరు, ఆమె తప్ప.

వారం తర్వాత వచ్చింది. "మా నాన్న చేతే అబద్ధమాడించేం సార్. ఇంక ఊళ్లో ఎవరి గుమ్మం ఎక్కను?"

నీ పాత ప్రశ్నే తీసుకో అని ఒక్క మాటంటే సరిపోయేది. "నీ ఇష్టం" అన్నాను. మళ్లీ రాలేదు.

టాపిక్ వృథా పోనివ్వలేదు నేను. మరుసటేడు ఇంకొకరికిచ్చాను. అడిగిన రైతులందరూ తెలియదన్నారని రాశాడతను. ఏ ఊళ్లో అడిగావని నేను అడగలేదు. డాక్టరేట్ వచ్చింది. మంచి సమస్య ఎంచి ఇచ్చినందుకు గైడుకి శాలువా కప్పారు. వంగి కప్పించుకున్నాను.