దమ్ము గోలి

పెద్దపల్లిలో ఎక్కిన ప్యాసింజరు రైల్లో, నా ఎదుటి బల్లమీద ఇద్దరు ఫుట్‌బాల్ అభిమానులు ప్రపంచానికి తీర్పులు చెబుతున్నారు. ఎక్కడో విదేశంలో పెద్ద ఆటగాడొకడు ఉత్తేజపు మందు వాడి, మూత్రపరీక్షలో దొరికి ఇంటికి పోయాడట.

"గోలి మింగి ఆడేటోన్ని జన్మల ఆడనియ్యద్దు," అన్నాడు జర్దా నములుతున్న లావుపాటాయన.

"మన బొగ్గుగనుల టీముల్ల గూడ పరీక్ష పెట్టాలె," అన్నాడు రెండో ఆయన, ఒక చేత బీడీ, ఒక చేత చాయ్ పట్టుకుని.

వీళ్లు బంతిని తన్నిన దాఖలా లేదు. లావుపాటాయన పొట్ట చూస్తే మాత్రం ఒకటి మింగినట్టుంది.

కిటికీ పక్కన, ఒళ్లో బూట్లు పెట్టుకున్న యువకుడొకడు ఈల వేసినట్టు ఊపిరి లాగుతున్నాడు. బెల్లంపల్లిలో సాయంత్రం ఆట ఉంది, జర బీడీ ఆర్పమని అప్పటికే బతిమాలాడు. ఆయన ఆర్పలేదు. చివరికి యువకుడే జేబులోంచి మాత్ర తీశాడు.

"ఏంది తమ్మీ అది?" అన్నాడు లావుపాటాయన.

"దమ్ము గోలి కాకా, ఆయాసానికి. దీంట్ల గూడ గా మందే ఉంటదని డాక్టర్ చెప్పిండు."

"మింగి ఆడుతవా? సిగ్గు లేదా?" అన్నాడు బీడీ ఆయన.

యువకుడు బీడీ ఆయన చేతిలోని చాయ్ లాక్కుని, మాత్ర వేసుకుని, అడుగుదాకా తాగాడు. ఖాళీ గ్లాసు ఆయన ముందు పెట్టాడు.

"ఆడుడు తర్వాత, ముందు బతకాలె గద. పరీక్ష చేస్తవా కాకా? గీ గ్లాసులనే పోసిస్త, పట్టుకో."

బీడీ ఆయన గ్లాసును దూరంగా జరిపి బీడీ ఆర్పేశాడు; యువకుడు బెల్లంపల్లిలో దిగిపోయాడు. ఆటలో ఎవరు గెలిచారో నాకు తెలియదు. రైల్లో చాయ్ మాత్రం ఇప్పటికీ గ్లాసులోకి ఓసారి చూసుకునే తాగుతాను.