నిలా, నేల

చిన్నాయన కూతురంటే నాకు ఒళ్లు మంట. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పుడు నిజంగానే మండేది. నాకంటే ఆరు నెలలు చిన్నది. చిన్నాయన మద్రాసు పక్కన ఆవడి ఫ్యాక్టరీలో పనిచేస్తూ తిరువళ్లూరులో కాపురం ఉండేవాడు. దానికి ఇంగ్లీషు మీడియం బడి, నల్ల బూట్లు, ఎనభైల మొదట్లోనే ఇంట్లో టీవీ. తిరుత్తణి పక్క పల్లెలో ఉన్న నాకేముంది? అవ్వ ఉంది. మా నాయనను కన్న అవ్వ. ఆమెకు చదువు రాదు. ఉత్తరమైనా, బస్సు మీది బోర్డయినా నేనే చదివి చెప్పాలి. "నా కండ్లు ఈ పాపే" అని ఊరంతా చెప్పుకునేది. ఆ ఒక్క మాట దగ్గర నేను దానికంటే గొప్పదాన్ని.

ఒక ఆదివారం పొద్దున అవ్వా నేనూ రైలెక్కి వాళ్లింటికి వెళ్లాం. మనుషులు ఆకాశంలోకి ఎలా వెళ్లారో టీవీలో మొదటినుంచీ చూపిస్తున్నారు. పేలిపోయిన రాకెట్లు, పైకి పంపిన కుక్క, ఆ తర్వాత మనుషులు. చెప్పేదంతా ఇంగ్లీషు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇరుగుపొరుగు వాళ్లతో హాలు నిండిపోయింది. చెల్లెలు వచ్చి అవ్వకు అటుపక్క కూర్చుని ఒక్కొక్కటే తెలుగులో చెప్పసాగింది.

"అయ్యో, ఆ కుక్క తిరిగి రాలేదా?" అని అవ్వ కండ్లనీళ్లు పెట్టుకుంది. "ఎంత బాగా చెప్తాదో నా తల్లి!" అని దాని బుగ్గలు పుణికింది. మనసులోనే దాన్ని అడిగాను. ఏమ్మా, బూట్లు చాలవా, టీవీ చాలదా, నా అవ్వ కూడా కావాల్సి వచ్చిందా నీకు?

తెర మీద ఒక మనిషి నిచ్చెన దిగుతున్నాడు. "అవ్వా, చూడు, నిలా మీద దిగినాడు!" అంది చెల్లెలు. బడిలో ఇంగ్లీషుతో పాటు అరవం చదివే పిల్ల. చందమామ అనే మాట నోటికి రాక అరవంలో నిలా అనేసింది. అవ్వకు సంతలో బేరమాడేంత అరవం వచ్చు. కానీ తెలుగు మాటల మధ్య అది నేల అని వినబడింది.

"నేల మీద దిగేదానికేనా ఇంత ఆర్భాటం? నేను దినమూ మంచం మీంచి దిగతా ఉండా!"

హాలంతా గొల్లుమంది. చిన్నాయన కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అవ్వ అందరి ముఖాలూ చూసి, చివరికి నావైపు తిరిగింది. "ఏంది పాపా?" అని మెల్లగా అడిగింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెల్లెలు చెప్పిందే తప్పని దాని నోటితోనే అవ్వకు తెలియాలి, దానికి బాగా కావాలి అనుకున్నాను.

"నాకేం తెలుసు? దాన్నే అడుగు," అన్నాను.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ టీవీ వైపు చూడలేదు.

తిరుగు రైల్లో అడిగింది. "వాళ్లు దిగింది యాడ పాపా?"

"చందమామ మీద, అవ్వా."

"అప్పుడే తెలుసునా నీకు?"

తల వంచుకున్నాను.

"అది చిన్నది, మాట తడబడింది. నువ్వు నా పక్కనే కూచోని ఉంటివి గదమ్మా," అంది అవ్వ.

తిరుత్తణిలో దిగి బస్టాండుకు వచ్చాం. బస్సు బోర్డు చదవబోయాను. అప్పటికే అవ్వ కండక్టరు దగ్గరికి పోయి, "ఈ బస్సు యాడికి పోతాది నాయనా?" అని అడుగుతోంది.