వరలక్ష్మికి నేను చెప్పిన రూలు

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, ఒక్క ఊపిరిలో చెప్పింది. ఇక మోసే ఓపిక లేక మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం.

నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. ఎల్బీనగర్‌లో ఒక జిరాక్స్ షాపు ముందు బల్ల వేసుకుని అర్జీలు రాసి బతికాను. ఆఫీసుల్లో గుమాస్తాలు పేదవాళ్లను తిప్పించుకునే తీరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అంత మండేవాణ్ణి, ఒక పిల్లను నేనే తిప్పించాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటావార్పు జరిగితే నేనూ విస్తరి ముందు కూర్చున్నాను.

వరలక్ష్మిది కృష్ణా జిల్లా. అల్మాస్‌గూడలో కిరాయికి ఉండేవాళ్లు. కూతురు హారికకు తొమ్మిది దాటాయి. ఆ పిల్ల కుదురుగా కూర్చోదు, మన కళ్లలోకి చూడదు. నా పెన్నుల మూతలన్నీ తీసి రంగుల వారీగా పేర్చి, మళ్లీ దేని మూత దానికే పెట్టేది. డాక్టరు చీటీలో ఆటిజం, ఏడీహెచ్‌డీ అని రెండు మాటలు. సర్కారు ఫారంలో కంటికి, చెవికి, కాలికి గడులున్నాయి గానీ వీటికి లేవు. మానసిక వైకల్యం అన్న గడిలోనే రాసి దవాఖానలో జరిగే క్యాంపుకు పంపాలి. నాకు తెలుసు. అట్లాంటివి అప్పటికే కొన్ని రాశాను. అక్కడిచ్చే వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే పింఛను, బస్సు పాసు. వాటికన్నా ముఖ్యం, ప్రత్యేక బడిలో సీటు. పదేళ్లు దాటితే ఆ బడివాళ్లు చేర్చుకోరు.

"బాబాయ్ గారూ, పాపకి సర్టిఫికెట్ ఇక్కడే ఇస్తారాండీ?" అని అడిగింది.

"గీడ ఎట్ల ఇస్తరమ్మా? మీది ఆంధ్ర. మీ జిల్లాల తీస్కోవాలె."

"రేషన్ కార్డు ఇక్కడిదేనండీ. పనికిరాదా?"

"రాదు. రూల్ గట్లుంది."

ఆమె డాక్టరు చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పిందే రూలు.

పిల్లను తీసుకుని రైలెక్కింది. ఆ జనం, ఆ మోత హారిక తట్టుకోలేక తల గోడకేసి కొట్టుకుందని తర్వాత విన్నాను. అక్కడివాళ్లు కార్డు చూసి, మీది హైదరాబాదు, అక్కడికే పొమ్మన్నారు. ఆమె నా మాటే పట్టుకుని మళ్లీ మళ్లీ పోయింది. ఏడాది గడిచిపోయింది.

ఎందుకు చెప్పాను? చాలాకాలం ఉద్యమం పేరు చెప్పుకున్నాను. కానీ ఉద్యమం నన్ను ఆ మాట అనమందా? మా నీళ్లు, మా కొలువులు అడిగాం. అది న్యాయమని ఇప్పుడూ అంటాను. ఆ పిల్ల సీటు మమ్మల్ని ఎవరు అడగమన్నారు? అసలు సంగతి వేరే. అంతకు వారం ముందు వరలక్ష్మి భర్త తనకు నేను రాసిచ్చిన అర్జీ చదివి, "పెద్దాయనా, ఇది అర్జీయా, ధర్నా పాటా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. కష్టపడి నేర్చుకున్న నా రాతను నవ్వాడు. వాణ్ణి ఏమీ అనలేక, వాడి బిడ్డ మీద తీర్చుకున్నాను. దానికి ఉద్యమం కండువా కప్పాను.

చివరికి ఎవరో చెబితే ఇక్కడి క్యాంపుకే పోయి సర్టిఫికెట్ తెచ్చుకుంది. అప్పటికి హారికకు పదేళ్లు దాటాయి. బడివాళ్లు చేర్చుకోలేదు. ఆ కాగితం జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చి నన్ను పలకరించింది. కొట్లాడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు చెప్పాక రూల్ మార్చినట్టున్నారు, బాబాయ్ గారూ," అంది. నా తరఫున తనే సాకు వెతికి పెట్టింది.

నేను తల ఊపాను. మొదటి అబద్ధం కోపంలో ఆడాను. ఈ తల ఊపడంలో ఏ కోపమూ లేదు, ఒట్టి పిరికితనం. రెంటిలో ఇదే ఎక్కువ బరువు.

ఆ తర్వాత వాళ్లు ఇల్లు మారారు. ఎక్కడికో నేను కనుక్కోలేదు. కనుక్కోవచ్చు కదా అంటారు. నిజమే, కనుక్కోవచ్చు.

ఊరూవాడా అందరి మాటలూ కాగితం మీద పెట్టినవాణ్ణి, నా మాట ఒక్కటి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రూల్ మారలేదమ్మా. అసలు అట్లాంటి రూలే లేదు. నేను పుట్టించాను.