వదిన వేలి కింది రాగి రేకు

మా వదినకు వచ్చింది నరాల జబ్బనీ, నయం చేసే మందు లేదనీ గుంటూరు డాక్టర్లు చెప్పిన కొన్నాళ్ళకే ఆమె చేతుల్లో బలం పోయింది. తర్వాత మాట పోయింది. మాట పోవడమే మాకు ఎక్కువ కష్టమైంది. మాచర్లలో స్టీలు సామాన్ల కొట్టు అన్నయ్య పేరున ఉన్నా, నడిపించింది ఆమే. గీచి గీచి బేరమాడే వాళ్ళను "ఏందమ్మా, బిందె కొంటానికొచ్చావా, కొట్టు కొంటానికొచ్చావా" అని నవ్వుతూనే కసిరేది. వాళ్ళూ నవ్వుతూనే కొనుక్కుపోయేవాళ్ళు.

అలాంటి మనిషి కొట్టు పైన మేడ గదిలో మంచానికి అంటుకుపోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. పొద్దున ఒకామె వచ్చి స్నానం చేయించి, అన్నం తినిపించి వెళ్ళేది. ఆ తర్వాత వదిన పైన, అన్నయ్య కింద. దాహమేసినా పిలిచే దారి లేదు.

నేను నరసరావుపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూస్తాను. ఒక ఆదివారం వెళ్ళినప్పుడు అన్నయ్య అడిగాడు.

"ఒరేయ్, కాలేజీలో పిల్లకాయలకు ఏందేందో చెబుతుంటావు గదా. మీ వదిన నన్ను పిలుచుకునేటట్టు ఏదన్నా చెయ్యరాదూ."

మా ల్యాబులో పిల్లలు నేర్చుకునే బోర్డు ఒకటి ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది. వైఫై అందులోనే ఉంటుంది. రెండు పక్కలా దువ్వెన పళ్ళలా పిన్నులుంటాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా ఒక్కోదానిది ఒక్కో గుణం. దాన్ని వదిన మంచం పక్కన పెట్టి, ఒక పిన్నుకు బటన్ కలిపాను. బటన్ నొక్కితే కొట్టులో అన్నయ్య ఫోను మోగాలి.

మర్నాడే అన్నయ్య ఫోన్ చేశాడు. "అది నొక్కకుండానే మోగుతుందిరా. మెట్లెక్కి ఎక్కి మోకాళ్ళు పోయినయ్."

నేను వాడింది బయటి నుంచి వచ్చేది తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని రకం పిన్ను. దానికి లోపల ఆసరా ఉండదు. బయట ఒక రెసిస్టరు పెట్టి నిలబెట్టాలి, లేకపోతే ఉన్నదీ లేనిదీ తెలియక ఊగిసలాడుతుంది. వెళ్ళి చూస్తే నేను అతికించిన రెసిస్టరు కాలు ఊడిపోయి ఉంది. సరిచేశాను. ఆ తర్వాత బోర్డు తనంతట తాను మోగలేదు. కానీ వదిన మోగించలేకపోయింది. వేలు బటన్ మీద ఉంది, నొక్కే బలమే లేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

బస్సులో తిరిగి వస్తుంటే, గురజాల దాటాక, టచ్ పిన్నులు గుర్తొచ్చాయి. ఆ బోర్డులో కొన్ని పిన్నులకు స్పర్శ తెలుస్తుంది. నొక్కే పనే లేదు. తీగ కలిపి, తీగ చివర రేకు అతికిస్తే, దానికి మనిషి చర్మం తగలగానే బోర్డు లోపల చదివే అంకె పడిపోతుంది; అదే బటన్ నొక్కినట్టు లెక్క. ఇన్నేళ్ళుగా పిల్లలకు ఆ సంగతి ఒక్క మాటలో చెప్పి తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవాణ్ణి.

తర్వాతి ఆదివారం తమలపాకంత రాగి రేకు తీసుకెళ్ళి ఆమె చూపుడువేలి కింద పెట్టాను. "ఒత్తక్కర్లా వదినా. కొంచెం లేపి వదిలెయ్యి, అంతే" అన్నాను. ఆమె వేలు గోరంత ఎత్తు లేచి రేకు మీద పడింది. కింద ఫోను మోగింది. ఆ మోత ఆమెకు వినిపించింది. అన్నయ్య మెట్లెక్కి గుమ్మంలోకి వచ్చేదాకా ఆమె కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. వచ్చాక నవ్వింది. పెదవి ఒక పక్కే కదిలింది.

ఎండాకాలం కరెంటు పోతుంటే బోర్డుకూ, వైఫై పెట్టెకూ కలిపి బ్యాటరీ పెట్టాను. అది ఎంత మిగిలిందో చూసుకునే ఏర్పాటు చేస్తే అంకెలు అసలు రాలేదు. కొన్ని పిన్నులు వైఫై నడుస్తున్నంతసేపూ ఓల్టేజీ కొలవవు. తీగను వేరే పిన్నుకు మార్చాక దారికొచ్చింది. ఆ తీగ మారుస్తున్న కాసేపట్లోనే ఫోను మూడు నాలుగుసార్లు మోగింది, అన్నయ్య అన్నిసార్లూ పైకొచ్చి పోయాడు. నీళ్ళు పట్టలేదు, దుప్పటి సర్దలేదు.

"ఏం కావాలంట?" అని అడిగాను.

"ఏం అక్కర్లా. నన్ను చూసుద్ది. చూశాక పొమ్మన్నట్టు కళ్ళు మూసుద్ది. నేను పోతా" అన్నాడు.

కింద గిరాకీ నిలబడి ఉన్నా అలాగే ఎక్కేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళూ విసుక్కోవడం మానేశారు.

వానలు మొదలయ్యేసరికి ఆ వేలూ ఆగిపోయింది. రేకును కాలి బొటనవేలి కిందికి మార్చాను. ఓ పది రోజులు పనిచేసింది. తర్వాత చెంపకు ఆనేటట్టు దిండు మీద అతికించబోయాను. చర్మం ఎక్కడిదైనా బోర్డుకు ఒకటే. వదిన నన్ను చూసి కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచి, మళ్ళీ మూసుకుంది.

అన్నయ్య నా చేతిలోంచి రేకు తీసుకున్నాడు. "వద్దులేరా. ఇంక పిలవటం దేనికి, నేనే ఉంటా గదా."

ఆ రోజే కొట్టు షట్టరు దించి, కుర్చీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. కొట్టు మూసుందని ఎవరెవరు తిరిగిపోయారో, బియ్యం ధర ఎంత పెరిగిందో చెబుతూనే ఉండేవాడు. శ్రావణం వచ్చాక ఒక మధ్యాహ్నం, అలా చెబుతుండగానే ఆమె పోయింది. తాను ఇంకాసేపు మాట్లాడాననీ, వింటుందనే అనుకున్నాననీ అన్నయ్య తర్వాత నాతో అన్నాడు.

కర్మ అయిపోయాక బోర్డును, తీగలను ఒక సంచిలో వేసి ఇచ్చాడు. "పిల్లకాయలకు పనికొస్తది, తీసుకుపో."

నా సొరుగులోనే ఉంచుకుందామనుకున్నాను. ప్రాక్టికల్ పరీక్షల్లో బోర్డులు చాలక, ఒకమ్మాయి ఊరికే నిలబడి ఉంటే తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి తన ప్రోగ్రాం ఎక్కించింది. పాతది చెరిగిపోయింది. వదిన రేకు కలిపిన పిన్నుకే చిన్న లైటు తగిలించి, వెలిగి ఆరుతుంటే చూపించింది. బాగుందన్నాను. మార్కులు వేశాను.

సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేశాను. బోర్డు సంగతి చెప్పబుద్ధి కాలేదు. అన్నం తిన్నావా అని అడిగాను.

"తిన్నాలేరా. పప్పు నేనే చేసుకున్నా. ఉప్పు చానా ఎక్కువైంది" అన్నాడు.