రెండు గంటలు ముందు నడిచే దేవనీరా

దేవనీరా వంటమనిషి. ఆ మాట ఆమె ముందు అంటే ఒప్పుకుంటుంది గాని, "వంటమనిషే కదా" అంటే మాత్రం చేతిలో గరిటె ఎటు తిరుగుతుందో చెప్పలేం. బ్రెజిల్ పడమటి కొసన, ఆక్రి రాష్ట్రంలోని రియో బ్రాంకోలో, నది అవతలి పేటలో, ఒక సర్కారు బడిలో పంతొమ్మిదేళ్ళుగా నూట ఎనభై మంది పిల్లలకు అన్నం, చిక్కుడు గింజలు వండి పెడుతోంది. శనివారాలు మాత్రం చర్చి పక్కనున్న హాలుకు వెళ్తుంది. తల్లిదండ్రులెవరూ కాలేజీ గడప తొక్కని ఇళ్ళ పిల్లలకు అక్కడ ఎనెం పరీక్ష కోసం ఉచితంగా పాఠాలు చెప్తారు. ఆ పరీక్షలో మార్కులు వస్తేనే యూనివర్సిటీలో సీటు. చెప్పేవాళ్ళకు జీతాల్లేవు. వాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆ హాల్లోనే దేవనీరా వండింది తిని, పాసై వెళ్ళినవాళ్ళు.

వంటగదికీ హాలుకీ మధ్య చిన్న కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి ఆవిడ ప్లేట్లు అందించాలి. ఆరేళ్ళుగా ప్లేట్లతో పాటు జవాబులు కూడా అందిస్తోంది.

"ఎసిటిక్ ఆమ్లం మనకు ఎక్కడ దొరుకుతుంది?" అని కుర్ర మాస్టారు అడిగితే పిల్లలు బోర్డు వంక చూస్తారు, బోర్డు పిల్లల వంక చూస్తుంది. ఈలోగా కిటికీలోంచి కేక వస్తుంది.

"వెనిగర్‌లో రా నాయనా! ఇప్పుడే కదా దోసకాయ ముక్కల మీద పోసుకుని తిన్నారు!"

సుయాని అనే పిల్ల శాతాలు రావడం లేదని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దేవనీరా చేతులు తుడుచుకుంటూ కిటికీలో తల పెట్టింది.

"ఇలా చూడు అమ్మాయ్. ఎనిమిది కిలోల బియ్యం వండాను. రెండు కిలోలు మాడాయి. ఎంత శాతం మాడినట్టు?"

"ఇరవై అయిదు."

"వచ్చిందిగా! మరి ఏడుపెందుకు? ఏడవాల్సింది నేను. అయినా నా చేతిలో అన్నం ఎప్పుడు మాడిందీ?"

మార్కులు, పుస్తకాలు పంతుళ్ళ పని. పిల్లల్ని పరీక్ష గేటు దాటించడం మాత్రం దేవనీరా పని. ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. మొదటి ఏడాది జరిగిన ఘోరం చూసి తానే నెత్తికెత్తుకుంది. హాల్ టికెట్ మీద గేటు ఒంటిగంటకు మూస్తారని ఉంది. అది బ్రజీలియా టైము. రాజధానిలో ఒంటిగంటైతే మన ఆక్రిలో పదకొండే. ఆ సంగతి తెలిసి కూడా, పుట్టినప్పటి నుంచీ వింటూ ఉండి కూడా, నలుగురు పిల్లలు తీరిగ్గా స్నానాలు చేసి, పన్నెండున్నరకు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అప్పటికి గంటన్నరగా గేటుకి తాళం.

ఆ మరుసటి ఏడు నుంచి దేవనీరా ఒక ఆచారం పెట్టింది. పరీక్షకు ముందు సోమవారం హాల్లో గడియారం, ఇంట్లో గడియారం రెండూ రెండేసి గంటలు ముందుకు తిప్పేస్తుంది. ఆ వారమంతా ఆమె లోకంలో బ్రజీలియా టైమే. ఉదయం తొమ్మిదిన్నరకే మధ్యాహ్న భోజనం. నాలుగింటికి రాత్రి భోజనం. "పరీక్ష టైముకి బుర్ర మేలుకుని ఉండాలి, పొట్ట నిండి ఉండాలి" అంటుంది. పేటలో ఎవరైనా "సాయంత్రం ఆరింటికి రా" అంటే "మన ఆరా, దేవనీరా ఆరా?" అని అడగడం అలవాటైపోయింది.

ఈ ఆచారానికి అందరికన్నా ఎక్కువ బలైనవాడు ఆమె భర్త క్లోడోమీర్. అతను మోటార్‌సైకిల్ టాక్సీ నడుపుతాడు. ఊళ్ళో అందరికన్నా నెమ్మదిగా నడుపుతాడు. స్టాండులో అతన్ని తాబేలంటారు. అతనికి అది బిరుదు. "ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్యాసింజర్ని కింద పడేశానా?" అంటాడు. మనిషి బంగారం. ఒక్కటే లోపం, నోట్లో నువ్వుగింజ నానదు.

అందుకే ఈ ఏడాది దేవనీరా తన రహస్యం అతనికి చెప్పలేదు. ఆమె కూడా ఎనెం రాస్తోంది.

దీని వెనక ఒక చేప కథ ఉంది. బడిలో ఏ రోజు ఏం వండాలో జాబితా ఆఫీసు నుంచి వస్తుంది. కింద పోషకాహార నిపుణురాలి సంతకం ఉంటుంది. ఒకసారి సోమవారం చేప, మంగళవారం చేప అని వచ్చింది. ఫ్రీజర్ చెడిపోయి అప్పటికి వారం. పిల్లల పొట్టలు పాడవుతాయని దేవనీరా చేప బదులు కోడి వండింది. ఆఫీసు నుంచి ఒకామె వచ్చి, "జాబితా మార్చే అధికారం సంతకం పెట్టేవాళ్ళది, దోనా దేవనీరా. మీరు వండితే చాలు" అంది. దోనా అంటే అమ్మగారూ అని, మర్యాదగానే అంది. ఆ మర్యాదే ముల్లై గుచ్చుకుంది. ఆ సంతకం పెట్టాలంటే ఏం చదవాలని ఆ శనివారమే హాలు నడిపే లుసెలియా టీచర్ని అడిగింది. పోషకాహారంలో డిగ్రీ, ఫెడరల్ యూనివర్సిటీలో, నాలుగేళ్ళకు పైనే. యూనివర్సిటీకి ముందు కావాల్సిన పదకొండేళ్ళ బడి చదువూ రాత్రి బడిలో దేవనీరా ఎప్పుడో పూర్తి చేసుకుంది. ఇక అడ్డం ఎనెం ఒక్కటే.

ఫారంలో తండ్రి చదువు అన్నచోట "లేదు" అని రాసింది. తల్లి చదువు, "లేదు."

"ఎవరికీ చెప్పొద్దు టీచర్," అంది లుసెలియాతో. "మా ముసలాయనకు అసలే వద్దు. ఆయనకు చెప్తే సాయంత్రానికల్లా స్టాండంతా తెలుస్తుంది. ఫెయిలయ్యానంటే నా పరువు ముప్ఫై బళ్ళ మీద ఊరేగుతుంది."

పరీక్షకు ముందు రోజు శనివారం. పిల్లలకు చెప్పినట్టే తానూ చేసింది. ఒరిజినల్ గుర్తింపు కార్డు, లోపలి నల్ల సిరా బయటికి కనిపించే పెన్నులు రెండు, హాల్ టికెట్, అన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. ఫోను ఆపేసి అదే సంచిలో పడేసింది. పెందలాడే పడుకుంది.

క్లోడోమీర్‌కు నిద్ర పట్టలేదు. నాలుగింటికి తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయి కడుపు నకనకలాడుతోంది. వంటగదిలోకి వెళ్ళి రొట్టె ముక్క నములుతూ గడియారం వంక చూశాడు. పదకొండని చూపిస్తోంది. నిజానికి తొమ్మిది. 'వారం రోజులు ఈ గోల పడ్డాను చాలు, ఇక మన టైము సుఖమేదో ఇవాళే పడదాం' అనుకున్నాడు పాపం. స్టూలెక్కి ముల్లు రెండు గంటలు వెనక్కి తిప్పేశాడు. ఎంతో హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం తెల్లవారుజాము నుంచి ఒకటే వాన. సూర్యుడు ఎక్కడున్నాడో ఆ సూర్యుడికే తెలియనంత మబ్బు. దేవనీరా లేచి చూస్తే గడియారంలో ఏడు. ఏడంటే మన అయిదు. బోలెడు టైముంది. నిమ్మకు నీరెత్తినట్టు కాఫీ పెట్టుకుంది. ఇరవై ఇద్దరు పిల్లల కోసం కర్రపెండలం కేకులు కాల్చింది. కొత్త జాకెట్టు ఇస్త్రీ చేసుకుంది. గడియారం పదీ నలభై చూపించే వేళకు కుర్చీలో కూర్చుని, ఎనిమిదిన్నర దాటింది అంతే కదా అనుకుంటూ, వ్యాసం ఎలా మొదలుపెట్టాలో ఆలోచిస్తోంది.

క్లోడోమీర్ ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు.

"ఒసే ముసలీ, ఇంకా ఇంట్లోనే ఉన్నావేంటే? నీ పిల్లల్ని ఈసారి ఎవరు తోలుకెళ్ళారు?"

"ఇంకా టైముంది. ఎనిమిదీ నలభయ్యే కదా."

"ఎనిమిదేంటి? పదీ నలభై. రాత్రి నేనే సరిచేశాను. ఇక మన ఇంట్లో మన టైమే!" అన్నాడు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

దేవనీరా మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేసింది. ఆమె ఏడవడం క్లోడోమీర్ ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఎన్నడూ చూడలేదు. హడలిపోయాడు.

"అదేంటే ఆ ఏడుపు? వాళ్ళేమైనా పాలు తాగే పిల్లలా? వాళ్ళే వెళ్ళుంటారులే!"

"వాళ్ళ కోసం కాదయ్యా! నేను! నేను రాయాలి పరీక్ష!"

క్లోడోమీర్ ఆమె వంక చూశాడు, గడియారం వంక చూశాడు, తన చేతి వంక చూసుకున్నాడు. ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెట్టుకోవాలనిపించింది. నిక్కరుతోనే హెల్మెట్ పెట్టుకున్నాడు.

"ఎక్కు."

ఆ రోజు నది మీది వంతెన తాబేలును చూసి ఆశ్చర్యపోయి ఉంటుంది. వానలో, నీళ్ళు చిమ్ముకుంటూ, బస్సుల మధ్య సందుల్లోంచి పోనిచ్చాడు. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు మాత్రం వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నీ నోరు తెలిసి."

"అదీ నిజమే," అన్నాడు. హెల్మెట్ అద్దం మీద నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అన్నాడు, "చెప్పుంటే గడియారం ముట్టుకునేవాణ్ణి కాదు కదా."

దేవనీరా అతని నడుము చుట్టూ చేతులు బిగించింది. లైటు మారింది.

పరీక్ష కేంద్రం ముందు ఎప్పటి జాతరే. రోడ్డుకు అటువైపు మడత కుర్చీలు, గొడుగులు వేసుకుని, మొక్కజొన్న పేలాలు తింటూ ఓ యాభై మంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గేటు పట్టుకుని ఏడుస్తుంటే చూసి నవ్వడానికే వీళ్ళు ఏటా వస్తారు. సంతకెళ్ళినట్టు పిల్లా జెల్లాతో వస్తారు. ఇన్నేళ్ళూ దేవనీరా వీళ్ళను తిట్టిపోసింది. ఇవాళ వాళ్ళ ముందు నుంచే, ఒక చెప్పు బురదలో ఊడిపోగా, సంచి గుండెకు అదుముకుని పరుగెడుతోంది.

"అరె, గేటు అమ్మగారు! ఇవాళ మీరే లేటా?" అని ఒకడు అరిచాడు. అందరూ ఘొల్లుమన్నారు.

గేటు లోపల ఆమె పిల్లలు ఇరవై ఇద్దరూ నిలబడి ఉన్నారు. లుసెలియా టీచర్ ఊరికి అటు చివర ఇంకో కేంద్రం దగ్గరుంది. దేవనీరా వచ్చి తలలు లెక్కపెడితే గాని గదుల్లోకి వెళ్ళకూడదని వీళ్ళు పట్టు పట్టి కూర్చున్నారు. గేటు కాపలాదారు అప్పటికే రెక్క మీద చెయ్యి వేశాడు. ఆరేళ్ళుగా ఆమెను ఎరిగినవాడు. అదే కొంప ముంచింది.

"దోనా, మీరు బయటే నిలబడాలి కదా. ఏటా చూసేవాళ్ళమే, తెలియదా? అక్కణ్ణుంచే లెక్కపెట్టుకోండి."

"నేను రాయాలి బాబూ!"

"ఏం రాయాలి?"

"పరీక్ష!"

అతను నవ్వాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే హాస్యమనుకున్నాడు. వెనక జనం లెక్క మొదలుపెట్టారు. "పది! తొమ్మిది!" దేవనీరా చేతులు వణికి సంచి ముడి రావడం లేదు. ఇన్నేళ్ళూ పిల్లలకు "ముడి వెయ్యకండిరా, వణుకుతున్న చేతికి రాదు" అని చెప్పిన మనిషి తన సంచికే రెండు ముళ్ళు వేసింది. "ఏడు! ఆరు!" పళ్ళతో కొరికి సంచి చించేసింది. హాల్ టికెట్ గేటు ఊచల్లోంచి లోపల పడింది. సుయాని దాన్ని తీసి చూసింది.

"ఒరేయ్, ఇది ఆవిడదే! మన దోనాది! అన్నా, ఈవిడ పేరే ఉంది, ఫొటో కూడా ఉంది, తెరువన్నా!"

రోడ్డు అవతల లెక్క నాలుగు దగ్గర ఆగిపోయింది. పేలాల పొట్లాలు పట్టుకున్నవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. పది క్షణాల ముందు నవ్విన నోళ్ళే "పరుగెత్తమ్మా!" అని అరిచాయి. కాపలాదారు ఒక మనిషి పట్టేంత సందు ఇచ్చాడు. దేవనీరా ఒక్క చెప్పుతో లోపల పడింది. వెనకే గేటు మూసుకుంది.

అయిదున్నర గంటలు రాసింది. పరీక్షలో రెండో భాగం, లెక్కలు, సైన్సు, మరుసటి ఆదివారం రాసింది. ఆ వారం క్లోడోమీర్ తొమ్మిదిన్నరకే అన్నం తిన్నాడు, గడియారం ఉన్న గోడ వైపు వీపు పెట్టుకుని మరీ తిన్నాడు. స్టాండులో ఒక్క ముక్క చెప్పలేదు. రెండు నెలలకు పైగా ఆ నోరు ఎలా కట్టుకున్నాడో అతనికే ఎరుక, కాస్త చిక్కిపోయాడు కూడా.

సీట్ల మొదటి జాబితాలో ఆమె పేరు రాలేదు. దేవనీరా ఆ రోజు గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. ఖాళీలు మిగిలితే వేసే రెండో జాబితాలో, కింది నుంచి మూడో పేరు ఆమెది.

ఆ శనివారం హాల్లో రంగులాట. సీటు వచ్చిన పిల్లల మొహాలకు రంగులు పూశారు, మగపిల్లలకు గుండ్లు గీశారు. అక్కడ అదే రివాజు, గుండు కనిపిస్తే వీధంతా చప్పట్లు కొడుతుంది. దేవనీరా రంగు పూయించుకుంది గాని జడ జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు.

సోమవారం పొద్దున స్టాండులో మొదటి ప్యాసింజరు హెల్మెట్ అందుకుంటూ క్లోడోమీర్ తల చూసి ఆగిపోయాడు. నున్నగా మెరుస్తోంది.

"ఏంటి క్లోడోమీర్, ఏదైనా మొక్కా?"

"మొక్కు కాదు. పాసయ్యాం."

"నువ్వా? ఈ వయసులోనా?"

"మా ఆవిడ," అన్నాడు క్లోడోమీర్, బండి స్టార్ట్ చేస్తూ. "మా ఇద్దరి ఇళ్ళ వైపూ కలిపి ఇదే మొదటి సీటు. ఒక్క తలైనా గొరిగించుకోకపోతే ఎలా? ఆవిడ ఒప్పుకోలేదు, అందుకని నాది గీయించా."