యాదక్క, నాపరాయి మీద అష్టాచెమ్మ, శకుంతల మేడం వేసవి తరగతులు

మా చిన్నప్పుడు తాండూరులో ఎండాకాలం సెలవులంటే తడిపిన గోనెపట్టా కిటికీకి కట్టుకుని మధ్యాహ్నమంతా పడుకోవడమే... నేను తొమ్మిదో తరగతి పూర్తి చేసిన ఏడాది మాత్రం మా వీధికి శకుంతల మేడం వచ్చారు.

కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయిన మనిషి. హైస్కూలు పిల్లలకు సెలవుల్లో వ్యాపారం నేర్పుతానని బడిలో ఒక గది అడిగి తీసుకున్నారు. ఫీజు లేదు. పొద్దున్నే, ఎండ ముదరకముందే తరగతి.

నేను పోతానంటే మా నాయన వెంటనే ఒప్పుకోలేదు. బండల పాలిష్ యూనిట్‌లో పని ఆయనది. చివరికి అన్నాడు, "ఒక్కదానివే వద్దు. అక్కను తోలుకపో."

అక్క అంటే మా యాదక్క. అమ్మ పోయాక ఏడో తరగతిలోనే బడి మానేసి ఇల్లు చూసుకుంటోంది. నాకు తోడుగా వచ్చి, గది బయట గడప మీద కూర్చుని చీరలకు ఫాల్ కుట్టుకునేది...

మొదటి రోజే మేడం చూశారు. "లోపలికొచ్చి కూసో బిడ్డా, ఎండ కొడ్తది."

"నేను సదువుకునేదాన్ని గాదు మేడం. చెల్లె కోసం వచ్చిన."

"కూసునేతందుకు సదువుతోని పనేమున్నది?"

అక్క లోపలికి వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది. చేతిలో చీర అలాగే ఉంది... కానీ సూది ఆగిపోయి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

తరగతిలో అందరం జట్లుగా ఏదో ఒకటి తయారుచేసి అమ్మాలి. నా జట్టు మా క్లాసు నస్రీన్. యూనిట్ వెనక పారేసిన నాపరాయి ముక్కలు నాయన మాకు అంచులు నున్నగా చేసి ఇచ్చాడు. ఒకవైపు అష్టాచెమ్మ గళ్లు, రెండోవైపు పులి–మేక గీతలు... ఎర్ర రంగుతో వేశాం. ఎంత ముద్దొచ్చాయో!

ఆదివారం అక్కను తీసుకుని ప్యాసింజర్ బండెక్కి వికారాబాద్ పోయాం. అనంతగిరి గుట్టకు పోయే ఆటోలు ఆగే చోట, ఒక చాయ్ బండి పక్కన బట్ట పరిచి బండలు పెట్టుకున్నాం.

జనం ఆగారు. చూశారు, ఎత్తారు, దించేశారు. ఒకాయన నవ్వుతూ చెప్పాడు, "మస్తున్నయి గని, గీ బండను మోసుకుంట గుట్టెవరు ఎక్కుతరమ్మా?"

మధ్యాహ్నం దాకా ఒక్కటీ పోలేదు. నస్రీన్ కళ్లు తుడుచుకుంటోంది. నేను ఇంక క్లాసుకు రానని చెప్పేశాను.

అక్క ఒక బండ తీసి చాయ్ బండి ముందున్న బెంచీ మీద పెట్టింది. అక్కడే గవ్వలకు బదులు చింతగింజలు ఏరుకుని, నస్రీన్‌ను కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టింది. ఆ పిల్ల ఏడుపు ఆపడానికే...

కాసేపటికి ఆటోవాళ్లు మూగారు. ఒకతను నేనాడతానన్నాడు. ఆడేవాళ్లు ఆడుతుంటే చూసేవాళ్లు చాయ్ చెప్పారు. ఒకటయ్యాక ఇంకొకటి... చాయ్ పోసే ఆమెకు తీరిక లేదు.

అక్క ఆమె వైపు చూసింది. "అత్తా, గిది ఈడ్నే ఉంచుకుంటవా?"

"ఏడుంచుకోను బిడ్డా? కుర్చీలేస్తెనే ఎత్తుకపోతున్నరు."

"జర గిది ఎత్తి చూడు."

ఆమె రెండు చేతులా కొంచెం లేపి, మళ్లీ బెంచీ మీద పెట్టేసి పకపకా నవ్వింది. "గిదెవ్వడు ఎత్తుకపోతడే..." అని, అక్కడికక్కడే కొనుక్కుంది.

రైల్లో అక్క మాకు చెప్పింది, "గుట్టెక్కెటోళ్లకు గాదు, కూసునేటోళ్లకు అమ్మాలె."

తర్వాతి రోజుల్లో తాండూరులో చాయ్ హోటళ్లు, మంగలి దుకాణాలు, యూనిట్లలో అన్నం తినే రేకుల షెడ్లు... అక్క ముందు, మేం వెనక. చేసినవన్నీ పోయాయి, ఇంకా కావాలన్నారు కూడా.

చివరి రోజు తల్లిదండ్రులను పిలిచారు. మా నాయన పని నుంచి నేరుగా వచ్చాడు, తలంతా రాతి పొడి. మా జట్టు వంతు వచ్చినప్పుడు నేను మైకు తీసుకుపోయి గోడకు ఆనుకుని నిల్చున్న అక్క చేతిలో పెట్టాను. అక్క భయపడింది. మేడం వచ్చి పక్కన నిలబడ్డారు. "చాయ్ అత్తకు చెప్పినట్లె చెప్పు బిడ్డా" అన్నారు.

అక్క చెప్పింది. నాయన తల దించుకుని విన్నాడు.

ఇంటికి నడిచి వస్తూ మా గల్లీ మూల మీద ఆగి నాయన అడిగాడు, "యాదీ... మళ్ల సదువుతవా?"

"ఇంట్ల వంటెవరు చేస్తరు నాయినా?"

"నాకు చేతుల్లేవా?"

ఆ సాయంత్రం ఆయన చేసిన జొన్నరొట్టెలు ఏ ఆకారంలో ఉన్నాయో చెప్పలేను... ముగ్గురం ఒక్కటీ మిగల్చకుండా తిన్నాం. అక్క కళ్లలో నీళ్లు. పొగ అని చెప్పింది.

మేడం సాయంత్రాలు మా ఇంటికే వచ్చి అక్కకు చదువు చెప్పారు. అక్క ప్రైవేటుగా పది రాసింది. లెక్కలు ఒకసారి తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. ఇప్పుడు తాండూరులో తన సొంత దుకాణం... నాపరాయి పీటలు, తులసికోటలు, ఇంకా అష్టాచెమ్మ బండలు.

ఇప్పుడు పిల్లలకు ఇలాంటి వేసవి తరగతులు ఫోన్‌లోనే వస్తున్నాయి. మా అమ్మాయి కూడా చేరింది. బాగానే చెబుతున్నారు, కాదనను... కానీ గది బయట ఎవరు కూర్చున్నారో చూసి లోపలికి పిలిచే మేడం ఆ తెరలో కనబడరు.

మీ సెలవుల్లో మిమ్మల్ని అలా లోపలికి పిలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్ల గురించి కింద రాయండి... రాసే ముందు వాళ్లకొకసారి ఫోన్ చేయండి. మా మేడం పోయి నాలుగేళ్లయింది. ఆమె నంబరు అక్క ఫోన్‌లో ఇంకా అలాగే ఉంది.