రాజీ సోడా

ఐసుగడ్డ పగలగొట్టడానికి మా ఇంట్లో రోకలి వాడతాం. గడ్డని గోనెసంచిలో పెట్టి, మూతి మెలితిప్పి, గుమ్మం ముందు గచ్చు మీద వేసి బాదడమే. ఆ క్రిస్మస్ పొద్దున ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. ఒక్కో దెబ్బకీ మా చెల్లెలి మొగుణ్ణి తలుచుకున్నాను. ఇది ఆ నోటికి, ఇది ఆ చేతికి, ఇదిగో ఇది కూడా ఆ చేతికే. గడ్డ ఎప్పుడో నుగ్గయిపోయింది. నేను మాత్రం ఆపలేదు.

"చాల్లేవే, పిండి చేస్తావా ఏంటి!" అని అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"పిండే చేస్తా. నీ అల్లుడొస్తన్నాడుగా, అట్లు పొయ్యి."

మా ఇద్దరికీ మాటలు సరిగ్గా లేవు అప్పటికి. చెల్లెలు వానల్లో గన్నవరం అత్తారింటి నుంచి కట్టుబట్టలతో వచ్చేసింది. వచ్చిన రోజునే జాకెట్టు విప్పి వీపు చూపించింది నాకు. ఆ వీపు చూశాక నాకు అన్నం సహించలేదు. అమ్మా చూసింది. చూసి, కొబ్బరినూనె తెచ్చి రాసింది. రాస్తూనే, "మగాడన్నాక ఒకప్పుడు చెయ్యి లేస్తది. నేను పడలేదూ? నేను బతకలేదూ?" అంది.

"నువ్వు బతికింది మేం చూశాంలే" అన్నాను. అంతే, అప్పట్నుంచి మా మధ్య అన్నీ ముక్తసరి మాటలే.

మాది చల్లపల్లి పక్కన పల్లెటూరు. నేను బెజవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షాపు ఆఫీసులో పనిచేస్తాను. ముందురోజు సాయంత్రం థర్మోకోల్ పెట్టెలో వెనిలా ఐస్‌క్రీం పెట్టుకుని, బస్సులో దాన్ని ఒళ్ళో పసిబిడ్డలా మోసుకొచ్చాను. ఏటా తెస్తాను. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక మా ఇంటికి ఎవరొచ్చినా కేకు ముక్క, ఐస్‌క్రీం సోడా ఇవ్వడం నాన్న పెట్టిన అలవాటు. కానీ ఆ ఏడు సోడా వేరే పనికి. ఆ ఏడు అది రాజీకి.

మా ఊళ్ళో రాజీ అంటే కాగితాలూ సంతకాలూ ఏం ఉండవు. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల కొట్లాట అయినా, పెద్దలు మాట్లాడి తెగ్గొట్టాక సోడా కొడతారు. దెబ్బతిన్నవాళ్ళే ఆ గ్లాసు తమ చేత్తో అవతలివాళ్ళకి అందించాలి. వాళ్ళు సగం తాగి తిరిగి ఇస్తారు. మిగతా సగం వీళ్ళు తాగాలి. అయిపోయింది. ఇక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఊళ్ళో ఒక్కడు కూడా వెనకాల నిలబడడు.

అంటే ఆ మధ్యాహ్నం చెల్లెలు గ్లాసు అందించి, వాడు సగం తాగి, మిగతాది ఇది తాగితే, సాయంత్రానికి వాడి బండెక్కి గన్నవరం పోవాలి. ఆ తర్వాత వాడు దీన్ని చంపినా మాకు అడిగే నోరుండదు. నేను రోకలితో ఎందుకు బాదానో ఇప్పుడర్థమైందా?

అసలు గొడవ ఏమిటంటే, వాడు కొడతాడంటే ఒక్కళ్ళూ నమ్మలేదు. వాడు వాళ్ళ చర్చిలో కోయిర్‌లో పాడతాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకుంటాడు. చిన్నపిల్లలకి కూడా చేతులు జోడించి "వందనాలండీ" అంటాడు. నేను మా అయ్యగారి దగ్గరికి, అంటే మా చర్చి పాస్టరు గారి దగ్గరికి పోయి మొత్తుకుంటే, "అంత నెమ్మదస్తుడమ్మా... ఎక్కడో పొరపాటు పడి ఉంటారు. ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెట్టుకుంటే ఎట్టా చెప్పు?" అన్నారు. కనపడేచోట కొడితే కదా నమ్మడానికి! వాడు మొహం జోలికి పోడు. వీపు, నడుము, జబ్బలు. చీర కప్పేచోటే కొడతాడు, ముదనష్టపు వెధవ.

"మొదలెట్టేది మాత్రం ఒక్కదానికే అక్కా" అని చెప్పింది చెల్లెలు ఒకసారి. "చొక్కా మీద మరక పడితే చాలు. పులుసు చుక్కో, టీ చుక్కో. ఇక ఆయన మనిషి కాదు. ఎదురుగా ఎవరున్నారో కూడా తెలీదు."

ఆ మాట నాకు బాగా గుర్తుంది.

పదకొండు అవుతుండగా సెంటర్లోంచి గోళీసోడాలు వచ్చాయి. ఆటోవాడు ఆ క్రేటు ఎండలో మెట్టు మీద దించిపోతే, నేను కోపంలో చూసుకోలేదు. వేడెక్కిన సీసాల్ని తీసుకెళ్ళి నేరుగా ఐసు పోసిన టబ్బులో కుక్కాను. సెంటర్లో సోడా కొట్టు నడిపినవాడి కూతుర్ని అయ్యుండీ! నాన్న ఉంటే జుట్టు పట్టుకుని ఊపేవాడు. ముందు తడిగోనె కప్పాలి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత ఐసు. నేను అటు తిరిగానో లేదో, ఢామ్మని ఒక సీసా పేలింది. గాజు ముక్కలు వంటింటి గోడ దాకా ఎగిరాయి. ఒక పెంకు నా మోచెయ్యి కోసేసింది.

నేను "ఓరి నాయనో" అని అరిచి వెనక్కి చూస్తే, చెల్లెలు నేల మీద ఉంది. సబ్జా గింజల గిన్నె వదిలేసి, గోడమూల ముడుచుకుని, రెండు చేతులూ తల మీద కప్పుకుని, "తుడుస్తా, తుడుస్తా, తుడిచేస్తానండీ" అంటోంది. గాజు దాని మీద పడలేదు. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అది మాత్రం అట్లాగే అంటోంది.

అమ్మ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. చూసి, చీపురు తెచ్చి గాజు ఊడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పటికైనా వద్దని చెప్పమ్మా" అన్నాను. "అయ్యగారు వాళ్ళకి మాటిచ్చారే" అంది, తల ఎత్తకుండానే.

ఐస్‌క్రీం సోడా చెయ్యడం చాలా తేలిక. ఎవరైనా చెయ్యొచ్చు. పొడుగు గాజు గ్లాసు అడుగున రెండు చెంచాల రోజ్ సిరప్, దాని మీద నానిన సబ్జా గింజలు, ఆపైన రెండు గరిటెల ఐస్‌క్రీం. చివర్న సోడా. జాగ్రత్త పడాల్సింది అక్కడొక్కచోటే. సోడాని ఐస్‌క్రీం నెత్తిన దభీమని పొయ్యకూడదు. పోస్తే నురగ బుస్సున లేచి, గ్లాసులో ఉన్నదంతా బయటికి కక్కేస్తుంది. గ్లాసు వంచి, అంచు వెంట సన్నధారగా దింపాలి. చుక్క ఒలికితే నాన్న మా వేళ్ళ కణుపుల మీద చెక్క ఓపెనరుతో కొట్టేవాడు. మాకు పడింది కణుపుల మీదే. అమ్మకి పడ్డ దెబ్బలకి లెక్కాజమా లేదు. సెంటర్లో సోడా మిషను ముందు నవ్వుతూ నిలబడే మనిషి, ఇంటికొస్తే గుమ్మం చప్పుడుకే మేం మంచం కిందికి దూరేవాళ్ళం. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ కణుపు దెబ్బల పుణ్యమా అని చెల్లెలు మాత్రం సోడా పొయ్యడంలో ఆయన్ని మించిపోయింది. దాని చేతిలో ఒక్క చుక్క ఒలకడం నేను ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం వాళ్ళొచ్చారు. అయ్యగారు, ఒక సంఘపెద్ద, వాళ్ళ వెనకాల మా మరిది. మల్లెపువ్వు లాంటి చొక్కా. "వందనాలత్తయ్యా. హ్యాపీ క్రిస్మస్ వదినా" అన్నాడు. ఐసు కొట్టిన రోకలి ఇంకా గుమ్మం పక్కన గోడకి ఆనించి ఉంది. నేను పోయి దాని పక్కన నిలబడ్డాను.

అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. తర్వాత సంఘపెద్ద, "పండగపూట మంచిమాట అనుకుందాం. అబ్బాయి వైపునుంచి ఏదన్నా తప్పుంటే..." అని మొదలెడితే, వాడు కళ్ళు దించుకుని, "తప్పంటే తప్పేనండి. నాకు కోపం ఎక్కువని ఆవిడ అంటంది. సరే, ఎక్కువే అనుకోండి. పాతవన్నీ మర్చిపోయి మళ్ళీ మొదలెడదాం" అన్నాడు. ఎంత మెత్తటి గొంతో! సంఘపెద్ద అమ్మ వైపు చూసి, చూశారా అన్నట్టు తలాడించాడు.

"ఏమ్మా, నీకు సమ్మతమేనా?" అని అయ్యగారు చెల్లెల్ని అడిగారు.

"సోడా కలుపుతానండి" అంది చెల్లెలు.

అది వంటింట్లో కలుపుకుని రాలేదు. అన్నీ ముందుగదిలోకే తెచ్చింది. వాడి ఎదురుగా స్టూలు వేసి, దాని మీద గ్లాసు పెట్టి, సిరప్ పోసింది, సబ్జా వేసింది, ఐస్‌క్రీం వేసింది. గోళీసోడా తీసుకుని బొటనవేలితో గోళీ లోపలికి నొక్కింది. కీచుమంది సీసా. గ్లాసు ఎడంచేత్తో ఎత్తి వాడి ముందుకి చాపింది. నేను అది గ్లాసు వంచుతుందని చూశాను. వంచలేదు. నిటారుగా పట్టుకుని, సీసా మొత్తం ఐస్‌క్రీం నడినెత్తిన గుమ్మరించింది.

గులాబీరంగు నురగ బుస్సున లేచి, వాడి తెల్లచొక్కా మీద, గుండెల నుంచి ఒడి దాకా పారింది.

వాడు చొక్కా వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత వాడి మొహం మారింది చూడండీ, అది నేను చచ్చేదాకా మర్చిపోను. లేచి, చెవి మీద కొట్టాడు. గ్లాసు గచ్చు మీద పడి భళ్ళుమంది. జుట్టు పట్టి వంచి, వీపు మీద గుద్దాడు, పడిపోతే డొక్కలో తన్నాడు. "లంజా! కళ్ళు దొబ్బినయ్యా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని అరుస్తున్నాడు. అయ్యగారు ఎదురుగా ఉన్నారని వాడికి తెలీదు. నిజంగానే తెలీదు.

నేను రోకలి ఎత్తాను. వెనకనుంచి అమ్మ వచ్చి దాన్ని పట్టుకుంది. నన్ను ఆపడానికే అనుకుని, "వదలమ్మా, వదులూ!" అని పెనుగులాడాను. అమ్మ నా చేతిలోంచి రోకలి లాక్కుంది. లాక్కుని, వాడి మోకాలి చిప్ప మీద కొట్టింది. వాడు కూలబడితే భుజం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. "నా ఇంట్లో, నా కళ్ళ ముందు, నా పిల్లని కొడతావురా? ఇంకా ఎంతమందిరా, ఎంతమంది కొడతారురా?" అని ఏడుస్తూ కొట్టింది. ఆ దెబ్బల్లో కొన్ని మా నాన్నవి. అది నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు.

సంఘపెద్ద అమ్మని వెనక్కి లాగకపోతే వాడు ఆ రోజే పోయేవాడు. అయ్యగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. వాడి కాలరు పట్టుకుని లేపి, "నడు. బయటికి నడువు" అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదెప్పుడూ. గుమ్మం దగ్గర ఆగి, కింద కూర్చునున్న చెల్లెలి వైపు తిరిగి, "నువ్వు చెప్పావమ్మా. నేనే వినలేదు. రేపు స్టేషన్‌కి నేనూ వస్తా. చూసింది చెబుతా" అన్నారు.

వాడు కుంటుకుంటూ బండి దగ్గరికి పోతుంటే, నేను టబ్బులోంచి ఒక నిండుసోడా తీసి గురిచూసి విసిరాను. గేటుకి తగిలి పేలింది. తగలాల్సినచోట తగల్లేదని ఇప్పటికీ నాకు బాధే.

గాజంతా ఊడ్చి, చెల్లెలి చెవికి తువ్వాల్లో ఐసు చుట్టి పెట్టాను. చెవి కందిపోయి ఉంది.

"కావాలనే పోశావు కదే?" అన్నాను.

"చెబితే ఎవరూ నమ్మలేదుగా అక్కా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. పిచ్చిదానా, ఆ ఒక్కమాట నమ్మించడానికి దెబ్బలకి ఒళ్ళప్పగించావా అని దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది నన్ను విడిపించుకుని, గోడ పట్టుకుని లేచింది. కొత్త గ్లాసు తెచ్చింది. సిరప్, సబ్జా, ఐస్‌క్రీం. ఈసారి గ్లాసు వంచి, అంచు వెంట సన్నగా దింపింది సోడా. ఒక్క చుక్క ఒలకలేదు.

అది నాకిస్తుందనుకున్నాను. తీసుకెళ్ళి, వంటింటి గడప మీద తలపట్టుకుని కూర్చున్న అమ్మ ముందు వంగి, రెండు చేతులతో చాపింది.

అమ్మ గ్లాసు వంకా, దాని మొహం వంకా చూసింది. ఆ గ్లాసు ఎందుకో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. "నేనే పంపిద్దామనుకున్నానే నిన్ను" అంది. చెల్లెలు చేతులు చాపే ఉంచింది. అమ్మ తీసుకుని, వెక్కుతూనే, సరిగ్గా సగం తాగి తిరిగి ఇచ్చింది.

చెల్లెలు మిగతా సగం పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత అక్కడే అమ్మ పక్కన గడప మీద కూర్చుని, అడుగున సబ్జా గింజలతో సహా మొత్తం తాగేసింది.